పెద్దింటి వాటా

ఏలూరులో కాలువ గట్టున పెద్దింటివారి రేవని ఒకటుంది. ఇప్పుడు రేవంటే పదకొండు మెట్లు, పడవలు కట్టుకునే ఒక రాతి గుంజ, పైన తారు రోడ్డు, అంతే. పడవలు రావడం మానేసి ఎన్నేళ్లయిందో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. మెట్లకు తూర్పు పక్కన మంగ ఇరవై ఎనిమిదేళ్లుగా చేపలమ్ముతోంది. ఆమెకు ముందు వాళ్లమ్మ అక్కడే కూర్చుంది. అంతకుముందు అమ్మమ్మ, కొల్లేటి లంక నుంచి దోనె మీద వచ్చి కూర్చుంది. ముగ్గురిలో ఎవరి దగ్గరా ఆ చోటుకు కాగితం లేదు. కూర్చోవడానికి పీట ఉంటే చాలనుకున్నారు.

చాలదని బుచ్చిబాబు చెప్పాడు.

బుచ్చిబాబుది రేవుకు ఎదురుగా ఉన్న రెండంతస్తుల మేడ. వీధిలో మొదటి మేడ అదే కాబట్టి దాన్ని పెద్దిల్లు అనేవారు. తాడేపల్లిగూడెంలో అతనికి రైసు మిల్లు ఉండేది. దాన్ని కొడుకులకు అప్పగించి, ఏలూరొచ్చి, పొద్దుపోక చరిత్రకారుడయ్యాడు. నలభై పేజీల పుస్తకం అచ్చేయించాడు. అందులో ఉన్నది ఒకటే ముక్క. పెద్దింటివారంటే పెద్ద ఇంటివారు, అంటే తన ముత్తాత. ఆయన కట్టించాడు గనుక అది పెద్దింటివారి రేవు. మిగతా పేజీల్లో ఫొటోలు, అభినందనలు.

పుస్తకం ఊరికే పంచినన్నాళ్లు ఎవరికీ నష్టం లేకపోయింది. తరవాత కాలనీ సంఘం చేత వార్డు సచివాలయంలో అర్జీ పెట్టించాడు. మెట్లకు తూర్పు పక్కన ముత్తాతగారి పేర పాలరాతి ఫలకం వెయ్యాలి. చుట్టూ పూలమొక్కలు, సిమెంటు బెంచీలు. అక్కడున్న చేపల గంపలను బైపాసు అవతలి కొత్త మార్కెట్టుకు పంపాలి. అర్జీలో మూడో పేరా మొత్తం వాసన గురించే. బుచ్చిబాబు ఇంట్లో నీచు సంగతి అటుంచి, ఉల్లిపాయ కూడా ముట్టరు. కాలువ గాలి తిరిగితే మేడ కిటికీలన్నీ టపటపా మూసుకుంటాయి.

బుచ్చిబాబు చెడ్డవాడేం కాదని ఆ వీధిలో కొందరంటారు. వాళ్లెవరినీ కూర్చున్న చోటు నుంచి అతను లేవమనలేదు.

వార్డు సచివాలయం నుంచి అనిల్ కుమార్ అనే ఉద్యోగి వచ్చి మంగకు నోటీసిచ్చాడు. మర్యాదస్తుడు. గంప పక్కనే గొంతుక్కూర్చుని చెప్పాడు.

“నెలాఖరు శుక్రవారం విచారణండి. మీకేమన్నా ఉంటే కాగితం తెచ్చుకోండి.”

“మా అమ్మమ్మ కాణ్ణించి ఇక్కడే కూర్చుంటన్నామండి. ఈ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు.”

“చెప్తారండి. రాసివ్వరు కదా. బుచ్చిబాబుగారు పుస్తకం పెట్టారు. పుస్తకానికి ఎదురు పుస్తకమే పెట్టాలి. లైబ్రరీకెళ్లి చూడండి, ఏమన్నా దొరుకుతుందేమో.”

అతను ఆ మాట వదిలించుకోవడానికి అన్నాడు. మంగ పట్టుకోవడానికి విన్నది. బైపాసు అవతలికి వెళ్తే తన బేరాలేవీ వెంట రావు. ఆ వీధిలో ఎవరింటికి ఏ రోజు ఏ చేపో ఆమెకు తెలుసు. కొత్త మార్కెట్టులో ఆమె గంప పెట్టుకున్న ముసలమ్మ, అంతే. యాభై నాలుగేళ్ల వయసులో కొత్త ముఖాలకు నవ్వడం మొదలుపెట్టే ఓపిక ఆమెకు లేదు.

మధ్యాహ్నం గంప ఖాళీ కాగానే చేతులు నిమ్మచెక్కతో రుద్దింది, పసుపుతో రుద్దింది, చీర మార్చింది, గ్రంథాలయానికి వెళ్లింది. చేపల వాసన వీటికి లొంగే రకం కాదు. చదువుకునే బల్ల దగ్గర అబ్బాయిరాజు అనే రిటైరైన డ్రాయింగు మాస్టారు పేపరు చదువుతున్నాడు. మంగ కూర్చోగానే ముక్కు ఎగబీల్చి, పేపరు తీసుకుని పక్క బల్లకు మారాడు.

గ్రంథాలయాధికారి పెర్సిస్ ముప్పై దాటిన మనిషి. ఏం కావాలండి అని అడిగింది.

“మా రేవమ్మా.”

“ఆ పేరుతో పుస్తకముందాండీ?”

“పుస్తకం కాదు. రేవే. కాలవ మీద రేవు. దాని గురించి ఎవరన్నా, ఎప్పుడన్నా, ఏమన్నా రాసుంటే కావాలి.”

పెర్సిస్ ముఖం విచ్చుకుంది. ఆ ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ ఆమెను జనం అడిగినవి రెండే: పోటీ పరీక్షల పుస్తకాలు, ఫ్యాను స్పీడు. మూల బీరువా తాళం తీసింది. పాత జిల్లా గెజిటీర్లు, పురపాలక సంఘం నోటీసులు, ఎప్పుడో మూతబడ్డ వారపత్రికల బైండ్లు, కాలువల పటాలు, స్కూళ్ల సావనీర్లు బల్ల మీద పేర్చింది. దుమ్ముకు ఇద్దరూ తుమ్మారు. అబ్బాయిరాజు ఇంకో బల్ల మారాడు.

“మనం ఎక్కడ మొదలుపెడదామంటే పిన్నిగారూ, బుచ్చిబాబుగారి పుస్తకంతోనే. ఆయనకి ఈ కబురు ఎక్కడో దొరికుంటుంది కదా. ఆయన చూసిన కాగితం మనమూ చూద్దాం.”

మంగ లంకలో బడికి వెళ్లి అయిదో తరగతి దాకా చదివింది. అక్కడి మాస్టారు అక్షరం కింద వేలు పెట్టి చదవకపోతే వేలి మీదే కొట్టేవాడు. అందుకని ఇప్పటికీ వేలు పెట్టే చదువుతుంది. ఒక్క అక్షరం దాటదు. అభినందనలతో సహా మొత్తం చదివింది. పదిహేడో పేజీలో వేలు ఆగింది. అక్కడ బుచ్చిబాబు ఒక పాత వారపత్రికలోని మాటను పెద్ద అక్షరాలతో వేసుకున్నాడు.

“పెద్దింటివారి రేవున దిగు ప్రతి దోనె నుండియు పెద్దింటి వాటా విడిగా తీసి యుంచవలెను.”

కింద అతని వ్యాఖ్యానం: ఆనాడు ప్రతి పడవా మా ముత్తాతగారికి వాటా సమర్పించిన పిమ్మటనే సరుకు దించెడిదని దీనివలన తేటతెల్లమగుచున్నది.

మంగ పకపకా నవ్వింది. నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు సరిగ్గా ఆమె తల మీదే ఉంది. అబ్బాయిరాజు పేపరు దించాడు.

“ఏంటండీ పిన్నిగారూ?” అంది పెర్సిస్.

“మా కొల్లేటి వాళ్లకి పెద్దిల్లంటే మేడ కాదమ్మా. పెద్దింటమ్మ. మా అమ్మవారు. మా లంకలో రాయిసిరితే పెద్దింట్లు అన్నవాడికో, పెద్దింటయ్య అన్నవాడికో తగులుద్ది. మా ఆయన పేరు పెద్దింటయ్యే. ఇప్పుడు కైకలూరు కాడ చేపల చెరువుకి కాపలా ఉంటన్నాడు.”

“మరి వాటా?”

“వల్లో పడ్డ మొదటి చేప అమ్మవారిది. పెద్దింటి వాటా అని తీసి పక్కనేస్తారు. అమ్మరు. కూడు లేనోళ్లకి పెడతారు. ఈ బాబు ఆ చేపలన్నీ వాళ్ల ముత్తాత పుచ్చుకున్నాడని అచ్చేయించుకున్నాడు!”

పెర్సిస్ కూడా నవ్వింది. అంతలోనే ఆపింది. “కానీ ఈ ముక్కలో చేప అన్న మాట లేదండి. మీరు చెప్పింది మీ మాట. ఆయన చెప్పింది అచ్చులో ఉంది.”

అదీ నిజమే. మంగ కొంగు బిగించింది. “అయితే ఆ పత్రిక తియ్యమ్మా.”

బుచ్చిబాబు నెల వేశాడు గానీ తేదీ వెయ్యలేదు. 1927 ఆగస్టు. బైండులో ఆ నెలవి నాలుగు సంచికలున్నాయి. మంగకు అవి చదవడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. పెర్సిస్ పైపైన చూసి పేజీలు తిప్పబోతే మంగ తిప్పనివ్వలేదు. జుట్టు నూనె ప్రకటనలు, తప్పిపోయిన గేదెల వివరాలు, లాకుల దగ్గర పడవలు ఆగే వేళలు, అన్నీ చదివింది. “అప్పుడూ ఏలూరులో దోమలేనంట, మాస్టారండీ,” అని బల్లల మీదుగా కేకేసి చెప్పింది. అబ్బాయిరాజు మొదట విననట్టు నటించాడు. రెండో రోజు, “ఏం రాశాడేం?” అని అడిగాడు. మూడో రోజు ఆమె బల్ల దగ్గరకే వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి, “రేపు జెల్ల చేపలేమన్నా వస్తాయా అమ్మా?” అన్నాడు.

మూడో సంచిక రెండో పుటలో పురపాలక సంఘంవారి ప్రకటన దొరికింది. బుచ్చిబాబు వేసుకున్న వాక్యం ఆ కాలమ్‌కు చిట్టచివరిది. దాని కింద చీమంత అక్షరాల్లో ఇంకేదో ఉంది. మంగ వేలు దాని మీదికి జరిగింది.

“తరువాయి నాలుగో పుట.”

మూడో పుట తిప్పితే ఆరో పుట వచ్చింది. నాలుగూ అయిదూ లేవు. పెర్సిస్ ఉసూరుమంది. మంగ ఆ కాగితాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసింది.

“ఇది ఒక కాగితం మందం కాదమ్మా. రెండతుక్కున్నాయి. లోపలున్నాయి మనవి.”

“అమ్మో, చిరిగితే నా ఉద్యోగం ఊడుతుందండి.”

“కొల్లేటి చేప పొలుసు తీశాను ఇన్నేళ్లు. ఏనాడన్నా తోలు చిరిగిందని ఎవరన్నా అన్నారా?”

పెర్సిస్ పైవాళ్లకు ఫోను చేసి అడిగింది. జాగ్రత్త, మీ బాధ్యత మీద అన్నారు. బాధ్యత అన్నాక పెర్సిస్ బైండును మంగ ముందుకు జరిపింది. మంగ ఇంటికెళ్లింది. చీపురు నుంచి సన్నటి కొబ్బరి ఈనె ఒకటి తీసి, కత్తిపీట మీద చదును చేసి తెచ్చింది. కాగితాల అంచుల మధ్య దూర్చి, బియ్యపు గింజంత మేర జరిపి, ఆగి, ఊది, మళ్లీ జరిపింది. అబ్బాయిరాజు ఇంటి నుంచి భూతద్దం తెచ్చి పట్టుకున్నాడు. గంటన్నర పట్టింది. ఎప్పటి మైదా జిగురో పొడిపొడిగా రాలింది. రెండు కాగితాలు నిట్టూర్చినట్టు విడిపోయాయి.

మంగ వేలు పెట్టి, గట్టిగా చదివింది.

“సదరు వాటా చేపను అమ్మరాదు. రేవుమెట్ల తూర్పు పక్కను గంపలు పెట్టుకొని అమ్ముకొను కొల్లేటి స్త్రీలు దానిని వండి బాటసారులకును, బీదలకును పెట్టుట పూర్వాచారము గనుక, అట్లు పెట్టువారు ఆ స్థలమున కూర్చుండుటకు ఎవ్వరును ఆటంకము కలిగింపరాదు.”

అబ్బాయిరాజు ఎగిరి గంతేసినంత పని చేశాడు. “తూర్పు పక్కను! ఒకటికి రెండుసార్లు చదవండి, తూర్పు పక్కను అన్నాడు!”

మంగ నవ్వలేదు. వేలు ఒక మాట మీదే నిలబడిపోయింది. అట్లు పెట్టువారు.

“ఇది నన్ను కూడా కరిచే మాటమ్మా. మా అమ్మ పెట్టేది. మోకాళ్లు పట్టేశాక మానేసింది. నేను అసలు మొదలెట్టనే లేదు. మొదటి చేప తీస్తాను, ఎవరో ముసలోళ్లకి ఇచ్చేస్తాను. వండి పెట్టింది లేదు.”

పెర్సిస్ ఆ వరస మీద అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది. “జిరాక్సు తీసేటప్పుడు ‘పూర్వాచారము గనుక’ దాకా వచ్చేలా తీసి, ఆ తర్వాతి వరస...”

“ఆ బాబు చేసింది అదేగా! మొత్తం తియ్యమ్మా.”

శుక్రవారం వార్డు సచివాలయంలో నాలుగు కుర్చీలు వేశారు. ఎనిమిది మంది వచ్చారు. పెర్సిస్ సెలవు పెట్టి వచ్చింది. అబ్బాయిరాజు ఎవరూ పిలవకుండా వచ్చి, ముందుగా కుర్చీ పట్టుకున్నాడు. మంగ భుజాన మూతికట్టిన గోనె సంచి ఉంది.

బుచ్చిబాబు అర్జీ చదివాడు. మూడో పేరా రెండుసార్లు చదివాడు. తరవాత అనిల్ కుమార్ మంగ వైపు తిరిగాడు. మంగ లేచి జిరాక్సు మీద వేలు పెట్టింది. ఎంత ఆలస్యమైనా ఎవరూ అడ్డు రాలేదు. ‘వాటా చేపను’ అన్న దగ్గర అనిల్ కుమార్ తలెత్తాడు.

“చేపా?”

“చేపేనండి.”

“బుచ్చిబాబుగారూ, మీ పుస్తకంలో ఈ ముక్క లేదేంటండీ?”

“ఆ పుట పత్రిక బైండులో లేదు.”

“అతుక్కుపోయిందండి,” అంది పెర్సిస్. “కింద తరువాయి అని ఉందండి. తమరు చూసుకోలేదేమో.”

బుచ్చిబాబు మిల్లు ఊరికే నడపలేదు. ముఖం ఎర్రబడినా బుర్ర ఆగలేదు. ఆ కాగితం అందుకుని గబగబా చదివి, వెతికిన మాట పట్టేశాడు.

“సరే, ఆచారమే అనుకుందాం. అట్లు పెట్టువారు అని ఉంది. పెట్టేవాళ్లకే చోటు. ఏం మంగా, ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరికి వండి పెట్టావు? ఒక్క పూట చెప్పు చూద్దాం.”

పెర్సిస్ కళ్లు మూసుకుంది.

“పెట్టలేదండి,” అంది మంగ.

“విన్నారుగా!”

“మా అమ్మ పెట్టింది, నేను మానేశాను. నాదే తప్పు. ఇయ్యాల్టి నించి పెడతాను. పొద్దున్న మొదటి చేప తీసి పక్కన పెట్టే వచ్చాను.”

సంచి దించి అనిల్ కుమార్ బల్ల మీద పెట్టి మూతి విప్పింది. మూరెడు కొరమేను. నీళ్లలోంచి తీసి ఎంతసేపైనా తేలిగ్గా చచ్చే జాతి కాదది. తోకతో ఒక్క దెబ్బ కొట్టి, అర్జీ మీదుగా జారి, మూడో పేరా మీద ఆగింది. అనిల్ కుమార్ స్టాంపు ప్యాడు ఎత్తి పట్టుకున్నాడు.

“వండే ముందు ఒకటి తేల్చండి బాబుగారూ,” అంది మంగ, చాలా మర్యాదగా. “ఇది పెద్దింటి వాటా. పెద్దింటివారు మీరేనని పుస్తకంలో ఉంది. అదే నిజమైతే ఇది మీదే. పుచ్చుకోండి.”

బుచ్చిబాబు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. “ఛీ! ఛీ! తియ్యి అవతలికి!”

“అదేంటండీ! దోనెకొకటి చొప్పున మీ ముత్తాతగారు పుచ్చుకునేవారని మీరేగా రాశారు.”

“రోజుకి ఇరవై దోనెలు దిగినా ఇరవై చేపలు,” అన్నాడు అబ్బాయిరాజు. “పెద్దాయనకి అరుగుదల మంచిదేనండోయ్.”

నవ్వనివాళ్లు లేరు. కాలనీ సంఘం తరపున వచ్చిన ఇద్దరూ కూడా చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. చేప మళ్లీ తోక కొట్టింది. నీచు నీళ్లు బుచ్చిబాబు తెల్ల చొక్కా మీద పడ్డాయి. అతను ఒంటికాలి మీద లేచాడు.

“మా వంశంలో ఎవరూ చేప ముట్టలేదు! ఏ కాలంలోనూ ముట్టలేదు! ఆ పెద్దింటివారు మేం కాదు! మాకూ ఆ వాటాకీ ఏ సంబంధమూ లేదు!”

అనిల్ కుమార్ పెన్ను తీశాడు. “అలాగే రాసుకోమంటారాండీ? రేవు పేరులో ఉన్న పెద్దింటివారు మీరు కాదని?”

బుచ్చిబాబు కొరమేను వంక చూశాడు. కొరమేను నోరు తెరిచి అతని వంక చూసింది.

“రాసుకోండి,” అన్నాడు. సంతకం కూడా పెట్టాడు. అటు తిరిగి, ముక్కు మూసుకుని, ఎడంగా నిలబడి పెట్టాడు.

పది రోజుల్లో కాగితం వచ్చింది. ఫలకం లేదు. తూర్పు పక్కన గంపలు ఎప్పటిలాగే ఉండవచ్చు. బెంచీలు పడమటి పక్కన వేస్తారు. మంగ ఆ కాగితాన్ని వేలు పెట్టి, స్టాంపు మీది అక్షరాలతో సహా చదువుకుంది. బుచ్చిబాబు ఆమెతో ఒక్క మాటా అనలేదు. ఆమె అతని మాట కోసం చూడలేదు. అంతకుముందు మేడ మీంచి అతను కనిపిస్తే చెయ్యెత్తి దండం పెట్టేది. ఇప్పుడు పెట్టదు. పెట్టమని ఎవరైనా చెబితే వాళ్లకు ఆ రోజు మంచి చేప ఇవ్వదు.

మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక మెట్ల మీద కిరోసిను పొయ్యి వెలుగుతుంది. చింతపండు పులుసు కాలువ అవతలి గట్టు దాకా వాసనేస్తుంది. మొదటి రోజు రిక్షా తొక్కే ముసలాయన, పాత పేపర్లు ఏరుకునే ఇద్దరు ఆడవాళ్లు, రైలు తప్పిపోయిన ఒక తాడేపల్లిగూడెం పెద్దమనిషి తిన్నారు. రోజుకో చేప, తపేలాడు అన్నం. పెర్సిస్ భోజనం వేళ స్టీలు గిన్నె పట్టుకుని వచ్చి, తను బాటసారో బీదో తేల్చుకోలేక, బియ్యం తెచ్చి ఇచ్చి తింది.

అబ్బాయిరాజుకు ఆ సందేహం లేదు. అతని ఇల్లు రెండు వీధుల అవతలే. రోజూ చేతిలో గొడుగుతో, దూరం నుంచి వచ్చినవాడిలా ఆయాసపడుతూ వస్తాడు.

“బాటసారినమ్మా.”

“ఆయ్, కూర్చోండి.”

పులుసన్నం తిని, వేళ్లు నాకి, ఆకు కాస్త ముందుకు జరిపాడు.

“ఇంకొంచెం వడ్డించమ్మా.”

మంగ గరిటె తపేలా మీద బోర్లించింది.

“బాటసారంటే నడిచి పోయేవాడండి మాస్టారూ. నడవండి.”